ఎడమ స్పీకరు

మా మేనత్తకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒకటే జబ్బు అని మా నాన్న అంటుంటాడు. ఏ వస్తువు కనబడినా దాని లోపల ఏముందో చూడందే ఆవిడకు ముద్ద దిగదు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క గోడగడియారాన్ని విప్పి, మళ్ళీ బిగించి, ఒక స్ప్రింగు మిగిలిపోతే జడలో దాచుకుందట. గడియారం మాత్రం నడిచింది. "అది లేకపోయినా నడుస్తుంటే మరి దాన్ని ఎందుకు పెట్టినట్టు?" అని ఆమె ఇప్పటికీ మా నాన్నను అడుగుతుంటుంది. ఆ 'ఎందుకు'లు పడలేక ఇంటిల్లిపాదీ ఆమెకు ఎందుకత్త అని పేరు పెట్టేశారు.

బతుకుతెరువు మాత్రం సంచులూ గొడుగులూ. మా ఇంటి మెట్ల పక్కన రేకుల గదిలో ఆమె దుకాణం. జిప్పు ఊడిన ప్రయాణపు సంచులు, పట్టీ తెగిన బడి సంచులు, ఊచ విరిగిన గొడుగులు గోడనిండా మేకులకు వేలాడుతుంటాయి. కింది వాటాలో మేము, పైన అత్తా మామయ్యా. మామయ్య సిటీ బస్సు డ్రైవరు. పగలంతా హారన్ల మధ్య గడిపే మనిషి కాబట్టి ఇంటికొచ్చాక చాలా నెమ్మదిగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడతాడు. అత్త సగం మాటలకు పలకదు. ఆయన కాసేపు చూసి, పేపరు తిరగేసుకుంటూ కూర్చుంటాడు. వాళ్ళ కాపురం అలాంటిదనుకున్నాం, అంతే.

ఎవరైనా మాట్లాడుతుంటే అత్త తల కొంచెం తిప్పి, కుడి చెంప ముందుకు పెట్టి, కళ్ళు చిట్లించి వింటుంది. దుకాణానికి వచ్చేవాళ్ళకు అది భలే నచ్చేది. "మీలా మనసుపెట్టి వినేవాళ్ళు ఎవరున్నారమ్మా ఈ రోజుల్లో" అనేవాళ్ళు. ఆమె నవ్వి, జిప్పు సంగతి అడిగేది.

ఒకరోజు, బడిలో వ్యాయామం నేర్పే ఒక టీచరమ్మ ద్వారా దుకాణానికి ఓ పాత పాటల పెట్టె వచ్చింది. ఉద్యోగం మానేసి ఇల్లు సర్దుకుంటున్న ఆవిడ, భుజానికి తగిలించుకునే తోలు తొడుగు కుట్టు ఊడిందని తెచ్చింది. తొడుగు లోపల వెండిరంగు టేప్‌రికార్డరు. రేడియో, టేపు రెండూ ఉండి, పైన పట్టుకోవడానికి పిడి, అటొకటి ఇటొకటి పళ్ళెమంత స్పీకర్లు ఉన్న రకం. అప్పట్లో టూ-ఇన్-వన్ అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. దీన్ని భుజాన వేసుకుని ఎన్ని మైదానాలు తిరిగిందో ఆవిడే చెప్పింది.

"తొడుగు కుట్టించి ఏం చేస్తారు, లోపలిది పాడుతుందా?" అత్త అడిగింది.

"ఎక్కడ పాడుతుంది. టేపు తిరగదు. రేడియో పెడితే గొంతులో పిల్లి దూరినట్టు బొయ్యిమంటుంది. తొడుగులో దుప్పటి పెట్టుకుందామని."

"అయితే పెట్టె నాకు వదిలేయండి. ఓసారి లోపల చూస్తాను."

టీచరమ్మ పెట్టెను దుకాణం బల్లమీద పెట్టి, దాని పిడి ఒకసారి నిమిరి, ఖాళీ తొడుగుతో వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అత్త వెనక మూత విప్పేసింది. లోపల చూస్తే ఒక ఊరు ఉన్నట్టుంది. తీగల వీధులు, డబ్బాల్లా నిలబడ్డ చిన్నచిన్న భాగాలు, వాటిమీద బూజు. టేపును తిప్పే రబ్బరు బెల్టులు కరిగి నల్లటి తారులా చక్రాలకు అంటుకుపోయాయి. వేలితో తాకితే వేలికి, వేలు చీరకు తుడిస్తే చీరకు. ఆ చీర మరక ఇప్పటికీ పోలేదు. స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా వింత. మధ్యలో గరాటులాంటి నల్ల కాగితం. దాని చుట్టూ ఉండాల్సిన మెత్తటి స్పాంజి అంచు, అత్త ఇలా ముట్టుకోగానే పాత రొట్టె పెచ్చులా పొడిపొడిగా రాలిపోయింది.

"నేనేం నొక్కలేదే" అంది నావైపు చూసి, నేనేదో నేరం మోపినట్టు.

మర్నాడు ఆ స్పీకర్లు రెండూ సంచిలో వేసుకుని వెనక సందులోని రేడియో బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. నాకు సెలవు కావడంతో నేనూ తోడు వెళ్ళాను. ఆయన సొంత బాబాయేం కాదు. పేటలో అందరికీ బాబాయే. ఇప్పుడు ఎక్కువగా సెల్‌ఫోను చార్జర్లు అమ్ముతాడు గానీ, రేడియో అనే మాట వింటే చాలు, కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"దీని పనేంటి బాబాయ్?" అత్త రాలిపోయిన అంచు చూపించింది.

"ఈ కాగితం ముందుకీ వెనక్కీ ఊగితేనమ్మాయ్ నీకు పాట. ఊగాలంటే వదులుగా ఉండాలి. అలాగని పక్కకు జారిపోకూడదు. ఊయల తాడులాంటిదనుకో, ఊగనిస్తుంది, పడనివ్వదు. ఈ స్పాంజికి వయసైపోయింది. వాడినా వాడకపోయినా పాడైపోయే సరుకు ఇది."

ఆయన డ్రాయరులోంచి మామూలు పెన్సిలు బ్యాటరీ ఒకటి తీసి, రెండు తీగముక్కలతో స్పీకరుకు తాకించాడు. కాగితం టప్పుమని ముందుకు దూకింది. తీగలు మార్చి తాకిస్తే వెనక్కి లాక్కుంది. అత్త ఆ బ్యాటరీ లాక్కుని తనూ చేసింది. టప్, టప్. చాలాసేపు అదే ఆట. బాబాయ్ టీ తెప్పించాడు.

"కొత్త అంచులు దొరుకుతాయా?"

"ఈ కొలతవి నా దగ్గర లేవు. తెప్పించొచ్చు. లేకపోతే మెత్తటి తోలుతోనో బట్టతోనో నువ్వే వేసుకో. పూర్వం అలాగే వేసేవాళ్ళు."

తోలు, బట్ట అనగానే అత్త ముఖం వెలిగింది. అది తన రాజ్యం.

మొదట గొడుగు బట్టతో వేసింది. అట్టమీద వలయాలు గీసి, కత్తిరించి, జిగురు పూసి, బట్టల క్లిప్పులతో ఆరబెట్టింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. పెడితే రేడియోలో వార్తలు చదివేవాడికి విపరీతమైన జలుబు. బట్ట బిగుతుగా ఉంది, కాగితం ఊగట్లేదు. విప్పేసింది. తర్వాత సంచుల లోపల వేసే పల్చటి రబ్బరు. ఈసారి మరీ వదులు. పెద్ద శబ్దం వచ్చినప్పుడల్లా స్పీకరు తుపుక్కుమని ఉమ్మినట్టు చప్పుడు. అదీ విప్పేసింది. మూడో ప్రయత్నానికి ఎవరో వదిలేసిపోయిన పాత చేతిగ్లవ్సు దొరికింది. నున్నటి పల్చటి తోలు, చెంపకు ఆనిస్తే తెలియనంత మెత్తన. ఆ గ్లవ్సు అరచేతులు రెండూ రెండు స్పీకర్లకు అంచులయ్యాయి.

అందులో అసలు కష్టం జిగురు పని కాదు. కాగితం వెనక చిన్న తీగచుట్ట ఒకటుంటుంది. అది అయస్కాంతం మధ్యలో సన్నటి సందులో కదులుతుంది. చుట్ట ఎక్కడా గోడకు తగలకూడదు. రేడియో బాబాయ్ చెప్పినట్టు, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కోసి ఆ సందులో చుట్టూ దూర్చి, చుట్ట సరిగ్గా మధ్యలో నిలబడ్డాక అంచు అంటించి, ఆరాక ఆ ముక్కలు లాగేసింది. తర్వాత రెండు బొటనవేళ్ళతో కాగితాన్ని నెమ్మదిగా నొక్కుతూ, చెవి దగ్గర పెట్టుకుని గరగర వస్తుందేమో విన్నది. రాలేదు. ఆ ఎక్స్‌రే మామయ్య మోకాలిది. "నా మోకాలు ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అన్నాడాయన గుమ్మంలోంచి. అత్త పలకలేదు.

బెల్టులు బాబాయ్ ఇచ్చాడు. గరగరలాడుతున్న వాల్యూము మీటను మందు కొట్టి శుభ్రం చేయడం కూడా ఆయనే చూపించాడు. ఒక ఆదివారం ఉదయం, అందరం దుకాణంలో నిలబడి ఉండగా, అత్త మీట తిప్పింది. ఎవరిదో పాట వచ్చింది. బరువుగా, గుండ్రంగా, గదంతా నిండిపోయి వచ్చింది. మా నాన్న గోడకు వేలాడుతున్న గొడుగు పట్టుకుని అలా ఉండిపోయాడు. మామయ్య కాలు ఆడిస్తున్నాడు.

అత్త మాత్రం నుదురు ముడివేసింది. "ఎడమది తక్కువగా ఉంది."

"రెండూ ఒకటేగా" అన్నాడు నాన్న.

"కాదు. ఎడమది ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టుంది."

నేను విన్నాను. నాకూ రెండూ ఒకటే అనిపించాయి. మామయ్యా అదే అన్నాడు. "మీ చెవులకేమైంది అందరికీ?" అని అత్త స్క్రూడ్రైవరు అందుకుంది.

అక్కడినుంచి మొదలైంది పోరు. ఎడమ స్పీకరు అంచు విప్పి మళ్ళీ వేసింది. తేడా లేదు. రెండు స్పీకర్ల తీగలు అటుదిటు ఇటుదటు మార్చింది. లోపలి సర్క్యూట్ బోర్డులో తప్పుంటే ఈసారి కుడివైపు తగ్గాలి కదా. తగ్గలేదు, మళ్ళీ ఎడమే. అయితే తప్పు స్పీకరుదే అని రెండింటినీ ఊడదీసి, ఒకదాని చోట ఇంకోటి బిగించింది. మళ్ళీ ఎడమే. రేడియో బాబాయ్ తన మీటరు తెచ్చి రెండూ కొలిచి, "అమ్మాయ్, వీటిని కవలపిల్లలనొచ్చు" అని చెప్పి వెళ్ళాడు. అత్తకు నిద్ర పట్టలేదు. స్పీకరుది కాదు, తీగది కాదు, బోర్డుది కాదు. మరి ఎడమవైపు ఏముంది? గదికి ఆ పక్కన కిటికీ ఉంది కాబట్టి పాట బయటికి పోతోందేమోనని పెట్టెను ఎదుటి గోడకు మార్చింది. ఆ పక్క వేలాడే సంచులన్నీ తీసేసింది. ఎంత చేసినా ఎడమే.

"వదిలేయ్ అత్తా, బాగానే పాడుతోందిగా" అన్నాను.

"బాగానే పాడుతోంది, అదే కదా వింత" అంది.

ఆ తర్వాతి వారం, మధ్యాహ్నం పూట, నేను టిఫిను డబ్బా పట్టుకుని దుకాణంలోకి వెళ్ళేసరికి అత్త చేస్తున్న పని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. పెట్టె పాడుతోంది. అత్త దానికి వీపు పెట్టి నిలబడింది. కాసేపు విని, గిరుక్కున తిరిగి ఎదురుగా నిలబడింది. మళ్ళీ వీపు. మళ్ళీ ఎదురు.

"ఏంటత్తా ఇది?"

"ఇందాక అటు తిరిగి కుట్టుమిషను మీద కూర్చున్నాను. చూస్తే కుడి స్పీకరు పోయింది. ఎడమది బ్రహ్మాండంగా ఉంది. సరే ఇదేదో చూద్దామని లేచి ఇటు తిరిగాను. కుడిది బాగైంది, ఎడమది పోయింది."

చెబుతూ చెబుతూ ఆగింది. కుడిచేతి వేలు నెమ్మదిగా పైకెత్తి, కుడి చెవి మూసుకుంది. నేనేదో అడిగాను. ఆమెకు వినపడలేదు. నా పెదాలు కదలడం మాత్రం చూసింది. వేలు తీసి, ఎడమ చెవి మూసుకుని, మళ్ళీ తీసింది.

"పెట్టె బాగానే ఉందే" అంది చివరికి. "నేనే."

ఏడుస్తుందేమో అనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, టేబులుమీది చిన్న గడియారం అందుకుని ఒక చెవి దగ్గర, మరో చెవి దగ్గర మార్చి మార్చి పెట్టుకుంది. ఫోను ఎప్పుడూ కుడి చెవికే ఎందుకు పెట్టుకుంటుందో, నడిచేటప్పుడు మనుషుల ఎడమపక్కకే ఎందుకు వస్తుందో తనకు తనే లెక్క తేల్చుకుంటూ, ఒక్కొక్కటీ పైకే చెప్పింది. చిక్కుముడి విడినంత హుషారుగా ఉంది. డబ్బా తెరిచి అన్నం కూడా తిన్నది. ఆ హుషారు సాయంత్రం మామయ్య వచ్చేదాకానే.

ఆయన చెప్పులు విప్పుకుంటుండగా చెప్పేసింది. ఆయన మెట్టుమీదే కూర్చుండిపోయాడు.

"నేను మంచానికి అటు పక్క పడుకుంటాను కదా" అన్నాడు. "నీ ఎడమ పక్క."

"అవును."

"తినేటప్పుడూ అటు పక్కే."

"అవునండీ."

"నా మాట పెడచెవిన పెడుతున్నావనుకున్నానే ఇన్నేళ్ళూ. నేను చెప్పేవి నీకు పట్టవనుకున్నా. సరేలే, ఏముంటాయి నా దగ్గర చెప్పుకోడానికి అని ఊరుకునేవాణ్ణి."

అత్త ముఖంలో రంగు మారింది అప్పుడు. వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది, మళ్ళీ లేచి ఆయనకు రెండోవైపు వచ్చి కూర్చుంది.

"ఏం చెప్పేవారు?"

"ఏవో మామూలు మాటలే. గుర్తున్నాయా ఏంటి."

"గుర్తున్నవే చెప్పండి."

నేను లోపలికి వెళ్ళిపోయాను. కానీ మా వంటింటి కిటికీ ఆ మెట్లమీదికే తెరుచుకుంటుంది. ఆయన నెమ్మదిగానే మొదలుపెట్టాడు. రోజూ చివరి స్టాపులో ఎక్కి మొదటి స్టాపులో దిగే ఒక పెద్దమనిషి గురించి, బస్సులో ఎవరో మర్చిపోయిన వీణ గురించి, కొత్త డిపో మేనేజరు నడక గురించి. అత్త మధ్యమధ్యలో అడుగుతోంది. వీణ ఎవరిది? తీసుకెళ్ళారా? తీగలు ఎన్ని? పెద్దమనిషి ఎందుకలా తిరుగుతాడు? "అది నేనూ అడగలేదే" అన్నాడు మామయ్య. "రేపు అడగండి" అంది అత్త. మా అమ్మ స్టవ్వు కట్టేసి, చప్పుడు చేయొద్దని నాకు సైగ చేసింది.

మేం అత్తను తీసుకెళ్ళి చూపించిన చెవుల డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. తర్వాత రెండు కొమ్మల ఇనపకడ్డీ ఒకటి మోచేతికి కొట్టి, మోగుతున్న దాని కాడను అత్త నుదుటి మధ్యలో ఆనించింది.

"ఎటుపక్క వినిపిస్తోందమ్మా?"

అత్త కళ్ళు పెద్దవి చేసింది. "ఎడమ పక్కే. గట్టిగా. చెడిపోయిన చెవిలో గట్టిగా వినిపించడమేంటండీ?"

"అదే మంచి కబురు. లోపలి నరం బాగుంది. బయటినుంచి శబ్దం వచ్చే దారి మాత్రం మూసుకుంది. ఎముకమీద పెడితే ఆ దారితో పనిలేకుండా లోపలికి పోతుంది. బయటి చప్పుళ్ళు అడ్డురావు కాబట్టి ఆ చెవికే ఎక్కువ తెలుస్తుంది."

డాక్టరమ్మ కాగితం తీసి బొమ్మ గీసింది. చెవిలో పొర, దాని వెనక గొలుసుకట్టుగా మూడు బుల్లి ఎముకలు. చివరిది బియ్యపుగింజలో సగం ఉంటుంది. ఊగాల్సిన ఆ ఎముక మెల్లగా చుట్టూ బిగుసుకుపోయింది.

"గొడుగు బట్ట వేసినట్టు" అంది అత్త. డాక్టరమ్మకు అర్థం కాలేదు. అత్త పెట్టె కథంతా చెప్పింది. బయట జనం ఎదురుచూస్తున్నా ఆవిడ పూర్తిగా విని, ఆ బ్యాటరీ ముచ్చట మరోసారి చెప్పించుకుంది.

ఆపరేషను చేసి ఆ ఎముక చోట చిన్న కడ్డీ పెట్టొచ్చంది. చాలామందికి బాగవుతుంది. కొంతకాలం తల తిరుగుతుంది. ఎక్కడో ఒకరికి ఉన్న కాస్త వినికిడి కూడా పోతుంది. ఆ మాట దాచకుండా చెప్పింది. వద్దనుకుంటే చెవికి మిషను పెట్టుకోవచ్చు.

ఇంటికొచ్చే దారిలో మామయ్య ఆపరేషను వద్దన్నాడు. "ఒక చెవి ఉందిగా. నేను ఇటు పక్క పడుకుంటాలే."

అత్త చాలా రోజులు ఎటూ తేల్చలేదు. ఆమె భయపడటం నేను చూసింది అప్పుడే. స్పీకరైతే పాడైతే మళ్ళీ విప్పొచ్చు, ఇది అలా కాదు కదా అని ఒకసారి నాతో అంది. మరి ఎందుకు ఒప్పుకుందో నాకు సరిగ్గా తెలియదు. మామయ్య ఒకరోజు మర్చిపోయి ఎడమ పక్కనుంచి ఏదో చెప్పి, పలకకపోతే ముందుకొచ్చి మళ్ళీ చెప్పాడట. ఆ రెండోసారి చెప్పేటప్పుడు ఆయన నవ్వు తెచ్చిపెట్టుకున్నట్టుందట.

మత్తు పూర్తిగా ఇవ్వకుండా, చెవి చుట్టూ మాత్రం మొద్దుబార్చి చేశారు. అత్త మేలుకునే ఉంది. ముఖంమీద పచ్చగుడ్డ, కింద చీకటి. చాలాసేపు ఏదో గీకుతున్నట్టు మాత్రం తెలిసిందట. తర్వాత ఒక్కసారిగా ఎడమ పక్క ఎవరో తలుపు తీసినట్టయింది. పళ్ళెంలో కత్తెర పెట్టిన చప్పుడు. నర్సు చెప్పుల చప్పుడు. డాక్టరమ్మ గొంతు, చాలా దగ్గరగా, గుసగుసగా: "వినిపిస్తోందా అమ్మా?"

"మీకు జలుబు చేసిందా?" అని అడిగిందట అత్త. నిజంగానే డాక్టరమ్మకు జలుబు చేసి ఉంది.

ఆ తర్వాత అంతా సుఖంగా ఏమీ గడవలేదు. మంచం దిగితే నేల పడవలా ఊగేది. నోట్లో ఒక పక్క రుచి తెలియక అన్నంమీద అలిగింది. దూది తీసేశాక ప్రతి చప్పుడూ సూదిలా గుచ్చుకుంది. గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేది. తన కుట్టుమిషను చప్పుడు మొదటిసారి రెండు చెవులతో విని, కాలు తీసేసి, "ఇంత మోత పెట్టుకుని మీ అందరి బుర్రలూ తిన్నానా" అని మా అమ్మను అడిగింది. అమ్మ మర్యాదకు కూడా లేదనలేదు.

కొంత కుదుటపడ్డాక పెట్టె పెట్టింది. మేమంతా ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు కళ్ళు మూసుకుని వింది. మధ్యలో గది నడుమ గాలిలో చెయ్యి చాపి, "గొంతు ఇక్కడుంది" అంది. "పెట్టెలో కాదు, ఇక్కడ." రెండు చెవులూ ఉన్న మాకు అది ఎప్పుడూ వింతగా అనిపించలేదు. ఆమె చూపించాక మేమూ ఆ చోటికేసి చూశాం.

ఇప్పుడు దుకాణంలో పెట్టె తక్కువ గొంతుతో రోజంతా పాడుతుంది. సంచులు తెచ్చేవాళ్ళలో కొందరు తమ ఇంట్లో మూలపడ్డ స్పీకర్లు కూడా తెస్తున్నారు. పాత గ్లవ్సులు ఎక్కడ దొరుకుతాయా అని అత్త వెతుకుతుంటుంది. మామయ్య గొంతు కాస్త పెరిగింది. అత్తకు వినపడక కాదు, అలవాటైపోయింది.

మొన్న నేను పనినుంచి వచ్చేసరికి దుకాణంలో ఒకాయన గొడుగు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. అత్త నిచ్చెన ఎక్కి, పైకప్పు రేకుకు ఎడమ చెవి ఆనించి ఉంది. ఎండ దిగిపోయాక ఆ రేకు టిక్కు టిక్కుమని ముడుచుకుంటుందట. ఇన్నేళ్ళూ దాని కింద కూర్చుని కుట్టిన మనిషికి ఆ సంగతి ఆ వారమే తెలిసింది. ఒకచోట చెయ్యి పెట్టి, ఆ చప్పుడు రాగానే ఇంకోచోటికి మార్చి, అది ఏ మూలనుంచి మొదలవుతుందో చూస్తోంది.

"అమ్మా, నా గొడుగు..." అన్నాడాయన.

"ఒక్క నిమిషం ఉండండి, ఇంకోటి వస్తుంది" అంది అత్త కిందికి చూడకుండానే. ఆయన గొడుగు బల్లమీద పెట్టి, నిచ్చెన కదలకుండా పట్టుకుని తనూ తల పైకెత్తాడు.